డ్రాగు పందెపు కారునకు వెనుక ఇరుసు నెన్నుకొనుట

అమెరికా సంయుక్త రాష్ట్రములలో డ్రాగు రేసు అను నొక మోటారు పందెము కలదు. ఇందు మలుపులు లేవు, చుట్లు లేవు. రెండు కార్లు ప్రక్కప్రక్కన నిలిచి, దీపపు సంజ్ఞ కనబడగానే బయలుదేరి, పావు మైలు, అనగా 1320 అడుగులు, తిన్నగా పరుగెత్తును. ఈ పందెములను ఊరి బాటలనుండి తప్పించి ప్రత్యేకమైన దారులలో నియమబద్ధముగ జరిపించుటకై వాలీ పార్క్సు అను నతడు 1951వ సంవత్సరమున నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించెను. పాత కార్లను స్వయముగ బాగుచేసికొని పందెమునకు దెచ్చు సామాన్యు లచ్చట ననేకులు. అట్టివాని కారును మనస్సునందుంచుకొనియే దీనిని వ్రాయుచున్నాము.

పందెపు కారనగానే మా విద్యార్థులు ఇంజనును గూర్చియే యడుగుదురు. దాని కెన్ని గుఱ్ఱముల బలమో తెలిసినచో వారికి సర్వమును తెలిసినట్లే. వెనుక ఇరుసు సంగతి యడుగువా రరుదు. అయినను ఇంజను పుట్టించిన బలమంతయు నేలకు జేరునది ఆ ఇరుసు ద్వారముననే.

ఇంజనునుండి గేరుబాక్సునకును, అచ్చటనుండి పొడవైన షాఫ్టు ద్వారమున వెనుకకును బలము పోవును. షాఫ్టు చివర పినియను అను చిన్న పళ్ళచక్ర మున్నది. అది క్రౌను చక్రమను పెద్ద పళ్ళచక్రమును త్రిప్పును. దానిని బట్టియున్న డిఫరెన్షియల్ కుడియెడమల నున్న రెండు ఇరుసు కడ్డీలను త్రిప్పును. వీని నన్నిటిని కప్పియుండు ఇనుప గొట్టమునకు హౌసింగని పేరు. మన యెడ్లబండి యిరుసు కదలక నిలిచియుండును, చక్రములే దానిపై తిరుగును. కావున దానికి బరువు మోయుట యొక్కటే పని. కారు ఇరుసు అట్లు కాదు. అది చక్రమును త్రిప్పవలయును, త్రిప్పుచు తానును మెలిపడును.

ఆ మెలి యెంతయో లెక్కవేసి చూతము. ఇంజను 400 అడుగు-పౌనుల బలముతో షాఫ్టును మెలిత్రిప్పు ననుకొందము. మొదటి గేరు దానిని రెండున్నర రెట్లు చేయగా 1000 అగును. పినియనుకు 9 పళ్ళును, క్రౌను చక్రమునకు 37 పళ్ళును ఉన్నచో నిష్పత్తి 4.11, కావున ఇరుసు కడ్డీలకు జేరునది 4110 అడుగు-పౌనులు. రాపిడివలన పోవు భాగము నిచ్చట విడిచితిమి. అయితే ఈ బలమంతయు ఇరుసుపై బడుట టైరు నేలను గట్టిగ బట్టినప్పుడు మాత్రమే. టైరు జారినచో బలము పొగయై పోవును, ఇరుసు బ్రతుకును. మామూలు టైర్లతో ఏండ్ల తరబడి చెడని ఇరుసు, పందెపు మెత్తని టైర్లు తొడిగిన దినముననే విరుగుట యిందువలననే. కారు బరువు హెచ్చినకొలది టైరు నేలను మఱింత గట్టిగ బట్టును. క్లచ్చిని ఒక్కసారిగ విడిచినచో పళ్ళమీద సమ్మెటదెబ్బ పడినట్లగును. ఆటోమేటిక్ గేరుబాక్సులో నూనె మధ్యనుండుటచే ఆ దెబ్బ మెత్తబడును. కాబట్టి ఇరుసు నెన్నుకొనువాడు కారు బరువెంత, టైర్లెట్టివి, క్లచ్చి యున్నదా లేదా యని మొదట విచారింపవలెను. గుఱ్ఱముల లెక్క తరువాతిది.

1969వ సంవత్సరపు షెవర్లే షెవెల్ కారు నొకదానిని దీసికొందము. దాని బరువు సుమారు 3600 పౌనులు. బలమైన యింజనులు గల షెవెల్ కార్లకు ఆ కంపెనీవారే పండ్రెండు బోల్టుల ఇరుసు నమర్చిరి. దాని క్రౌను చక్రపు వ్యాసము 8.875 అంగుళములు. ఇది తేలికైనది, రాపిడి తక్కువది. ఆటోమేటిక్ గేరుబాక్సుతో పదుమూడు సెకనుల కారుగ నుంచుకొనువాడు దీనిని మార్చ నక్కఱలేదని మా యభిప్రాయము. క్లచ్చియు మెత్తని టైర్లును వచ్చినప్పుడు ఫోర్డు కంపెనీవారి తొమ్మిదంగుళముల ఇరుసు మేలు. దానిని 1957 మొదలు 1986 వఱకు కార్లకును చిన్న లారీలకును అమర్చిరి. ఆ నమూనా భాగములను ఇతర కంపెనీలవారు నేటికిని చేయుచున్నారు. ఇందు పినియను తలకు ముందు వెనుకల రెండువైపులను బేరింగు లుండుటచే బలము పడినప్పుడు అది ప్రక్కకు తొలగదు. పళ్ళు చెడునది సాధారణముగ ఇట్టి తొలగుటచేతనే. మఱియు దీని పళ్ళచక్రములను ముందువైపునుండి ఒకే ముద్దగ బయటకు దీసి, బల్లమీద పెట్టి సరిచేయవచ్చును. పినియను మిక్కిలి క్రిందుగ నుండుటచే పళ్ళు ఒకదానిపై నొకటి ఎక్కువగ రాచుకొనును, కొంత బలము వేడియై పోవును. ఇది దీని లోపము. 9.75 అంగుళముల క్రౌను చక్రము గల డానా 60 అను నది యింకను గట్టిది గాని చాల బరువైనది. మా షెవెల్ కారునకు దానిని సిఫారసు చేయము.

ఇరుసు కడ్డీల లావు విద్యార్థులు గమనింపదగిన విషయము. కడ్డీ మెలి నోర్చు శక్తి వ్యాసముయొక్క ఘనమును బట్టి పెరుగును. చివర 28 పళ్ళు గల కడ్డీ వ్యాసము సుమారు 1.2 అంగుళములు, 35 పళ్ళు గలదానిది 1.5 అంగుళములు. వ్యాసము నాలుగవవంతే పెరిగినను శక్తి దాదాపు రెండింత లయినది.

కడ్డీ విరిగినప్పుడు చక్ర మేమగునన్నది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. పండ్రెండు బోల్టుల ఇరుసునందు కడ్డీని పట్టియుంచునది లోపలి కొనయందున్న, గుఱ్ఱపు లాడమువంటి చిన్న బిళ్ళ. కడ్డీ నడుమ విరిగినచో ఆ బిళ్ళ లోపలి తునుకను మాత్రమే పట్టియుండును. వెలుపలి తునుక చక్రముతోగూడ కారును విడిచి పోవచ్చును. బండికి కడచీల ఊడినచో నేమగునో పల్లెటూరి బాలురకు చెప్పనక్కఱలేదు. ఇచ్చట వేగము గంటకు నూఱు మైళ్ళు. ఫోర్డు ఇరుసునందు కడ్డీని వెలుపలి కొననే, బేరింగువద్ద, రేకుతో హౌసింగునకు బిగింతురు. అందుచేతనే పావు మైలును 10.99 సెకనులలోగాని అంతకు తక్కువలోగాని ముగించు కార్లకు ఆ బిళ్ళమీద నాధారపడుట పనికిరాదని పైని చెప్పిన సంఘమువారి నియమము. డబ్బు చాలనప్పుడు ఇంజను పని ఆపియైనను దీనిని ముందు చేయింపవలెను.

గేరు నిష్పత్తికి లెక్క సులభము. గమ్యమువద్ద గంటకు మైళ్ళలో నుండు వేగమును నిష్పత్తితోను 336తోను గుణించి, అంగుళములలో టైరు వ్యాసముచే భాగించిన, పై గేరులో ఇంజను నిమిషమునకు తిరుగు చుట్లు వచ్చును. మైలునకు 63360 అంగుళములు. దానిని 60చేతను 3.1416చేతను భాగించినదే ఈ 336. వేగము 110, టైరు 28 అంగుళములు, నిష్పత్తి 4.11 అయినచో 5425 చుట్లు, 4.56 అయినచో 6019. ఇంజను మిక్కిలి బలమిచ్చు చుట్లకు కొంచెము పైన గమ్యము తగులునట్లు చూచుకొనవలెను. ఒకే కొలత గల క్రౌను చక్రమునకు నిష్పత్తి పెంచినకొలది పినియను చిన్నదై బలహీనపడునని మఱవరాదు.

రెండు కడ్డీలను ఒకటిగ బిగించు స్పూలు అను సాధనము పందెపు దారిలో మంచిదే. మలుపులో మాత్రము రెండు చక్రములు సమముగ తిరుగవలసి వచ్చుటచే టైర్లరిగి కడ్డీలు నలుగును; వీధిలో తిరుగు కారునకు అది వద్దు.

హౌసింగు కొనకముందు కారు క్రింద దూరి, టైర్లకును లోపలి గోడకును నడుమనున్న సందును కొలిచికొనవలెను. క్రొత్త పళ్ళచక్రములను బిగించిన వెంటనే పందెమునకు దింపరాదు. పదునైదు ఇరువది నిమిషములు మెల్లగ నడిపి, పూర్తిగ చల్లారనిచ్చి, మరల నడిపి, కొంత దూరము తిరిగిన పిమ్మట నూనె మార్చవలెను. దిగిన నూనెలో సన్నని ఇనుప రజను కనబడుట సహజము. పంటి తునుకలు కనబడినచో హౌసింగు విప్పి చూడవలసినదే.