పాతాళభైరవిలో ఎన్టీఆర్ అమ్మ ఎవరో తెలుసా?

వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని మలికిపురం వచ్చినప్పుడు ఓ రాత్రి ల్యాప్‌టాప్‌లో ‘పాతాళభైరవి’ పెట్టాను. తోటరాముడి తల్లి తెరమీదకి రాగానే మా మామ్మ ఆపమంది. “ఆవిడెవరనుకున్నావు? మన టాకీల్లో మొదటి హీరోయిన్ ఆవిడేరా!”

సురభి కమలాబాయి. నిజం చెప్పాలంటే నేనా పేరే వినలేదు.

అంతకుముందు మూకీల కాలం. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’లో గంగగా నటించింది పెగ్గీ కాస్టెల్లో. గంగమ్మకి ఇంగ్లీషు పేరేంటి అనుకుంటున్నారా? పరువు పోతుందని ఇళ్లల్లో ఆడపిల్లల్ని సినిమాకి పంపని రోజులవి. నాటకాల్లో కూడా ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కట్టేవారు. పైగా మూకీలో మాటలుండవు కాబట్టి తెలుగు రాకపోయినా ఇబ్బంది లేదు.

టాకీ వచ్చేసరికి ఆ ఆట సాగలేదు. ప్లేబ్యాక్ లేదు, డబ్బింగ్ లేదు. కెమెరా ముందే నటిస్తూ గొంతెత్తి పాడాలి. అలాంటి ఆడవాళ్లు ఎక్కడున్నారు? సురభి నాటక కుటుంబాల్లో! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ సమాజంలో ఆడవేషాలు ఆడవాళ్లే వేసేవారు.

కమలాబాయి పుట్టుక కూడా నాటకంలాంటిదే. 1907లో తల్లి దమయంతి వేషంలో స్టేజీమీద ఉండగా నొప్పులొచ్చాయట. తెర దించేసి అక్కడే పురుడు పోశారని చెబుతారు. ఊహ తెలిసేసరికి మేకప్, మగపిల్లల వేషాలు, పద్యాలు.

హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసిన ‘భక్త ప్రహ్లాద’లో ఆమె లీలావతి. 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. తర్వాత బొంబాయిలోనే ఉండిపోయి, పదేళ్లపాటు హిందీ సినిమాలు చేసింది. పాన్ ఇండియా అనే మాట పుట్టకముందే!

బాధేంటంటే ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు మిగల్లేదు. పాతికేళ్ల వయసులో ఆమె ఎలా పాడిందో వినే దారి మనకి లేదు. 1951 నాటి ఈ తోటరాముడి తల్లి మాత్రం దొరుకుతుంది. 1971లో ఆమె కన్నుమూసింది.

నేను మళ్లీ ప్లే నొక్కబోతుంటే మామ్మ అంది: “కాస్త వెనక్కి తిప్పు. ఆవిడ వచ్చిన దగ్గర్నుంచి పెట్టు.”