వెడల్పు పాదములకు తగిన టెన్నిస్ బూట్లు

కొలది మాసముల క్రిందట పదునాలుగేండ్ల బాలిక యొకతె తండ్రి వెంట నా వద్దకు వచ్చినది. టెన్నిస్ ఆట యన్న ఆమెకు ప్రాణము. రెండు పాదములకును చిటికెనవ్రేలి ప్రక్కన ఆనెకాయలు లేచి, బూటు తొడిగినంతనే కంట నీరు పెట్టుకొనుచున్నది. "ఆట మాన్పిస్తాం స్వామీ, నొప్పికి ఏదన్నా మందియ్యండి" అని తండ్రి యడిగెను. నేను ముందు బూటును చూచితిని. పిల్ల పాదము వ్రేళ్లవద్ద విసనకఱ్ఱవలె విచ్చుకొని యున్నది. బూటు మొన పడవ కొనవలె సన్నగిలినది. దోషము కాలిది కాదు.

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు అనంతపురములో టెన్నిస్ ఏమని దూరపు పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. విన్సెంట్ ఫెర్రర్ 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుతో కలిసి, స్పెయిన్ దేశపు క్రీడాకారుడు రఫెల్ నాదల్ యొక్క సంస్థ 2010లో ఇచ్చట టెన్నిస్ పాఠశాలను నెలకొల్పినది. సెనక్కాయ చేలలో వట్టికాళ్లతో తిరిగిన పిల్లలు అట్లు రాకెట్టు పట్టిరి.

గరుసు నేలపై చెప్పులు లేక నడచిన పాదములో వ్రేళ్లు ఎడమెడముగా పరచుకొనును. ఇది వికారము కాదు, బలము. మన దేశమున 2300 మంది పిల్లలను పరీక్షించి రావు, జోసెఫ్ అను వైద్యులు 1992లో ప్రకటించిన పరిశోధనలో, పాదరక్షలు తొడుగు పిల్లలలో నూటికి 8.6 మందికి, తొడుగని వారిలో 2.8 మందికి మాత్రమే చదును పాదములు కనబడినవి. మదరాసు తోళ్ల పరిశోధనాలయము వారు 2021-22లో లక్షకు పైబడిన జనుల పాదములను కొలిచి, భారతీయుల పాదములు పాశ్చాత్యులకంటె వెడల్పని తేల్చి, మన కొలతలకే 'భా' అను పద్ధతిని ప్రతిపాదించిరి. పరుల కొలతలలో మన కాళ్లను ఇరికించుచున్నామని వైద్యులకు ఏనాడో తెలియును!

అట్లని బూట్లు వలదనుట లేదు. పాదత్రాణ ధారణము కన్నులకు హితము, బలకరము అని చరకుడు చెప్పెను. సుశ్రుతుడు రాళ్లు, ముండ్ల వలన కలుగు ఆనెకాయను 'కదరము' అనియు, అడుగు వంకరగా పడుటచే కలుగు నొప్పిని 'వాతకంటకము' అనియు వర్ణించెను.

జనులు చేయు పెద్ద పొరపాటు, వెడల్పు చాలలేదని ఒక నంబరు పొడవైన బూటు కొనుట. మడమ జారును, ఆగినపుడెల్ల వ్రేళ్లు ముందునకు కొట్టుకొనును. ఆ తండ్రియు అదే చేసెను. కొన్ని కంపెనీల పెట్టెలపై వెడల్పు గుర్తులుండును: పురుషులకు డి సాధారణము, 2ఈ వెడల్పు, 4ఈ మిక్కిలి వెడల్పు, స్త్రీలకు బి సాధారణము, డి వెడల్పు. ఆడపిల్లకు చాలనిచో మగపిల్లల బూటు చూచుటలో తప్పులేదు. పరుగు బూటు మాత్రము వలదు. దాని అడుగు ఎత్తుగా, మెత్తగా నుండును. టెన్నిస్‌లో ప్రక్కలకు దూకునపుడు చీలమండ మడతపడును.

సాయంకాలమున పాదములు కొంత ఉబ్బి యుండును గనుక అపుడే కొలువవలెను. కాగితముపై నిలిచి రెండు పాదముల చుట్టును గీత గీయుడు. అంగడిలో బూటు లోపలి అట్టను తీసి ఆ గీతపై నుంచుడు. గీత అట్టను దాటినచో ఆ బూటు మీది కాదు. ఆడునపుడు తొడుగు మందపు మేజోళ్లతోనే తొడిగి చూచి, పెద్దవ్రేలి ముందు బొటనగోరంత సందు ఉండునట్లు చూడుడు. రెండు పాదములలో పెద్దదానికే కొనవలెను. క్రింది రంధ్రములను వదలి త్రాడు కట్టినచో ముందుభాగము మరికొంత వదులగును.

రాత్రి గోరువెచ్చని నీట కాళ్లు కడిగి, నువ్వులనూనెతో మర్దించుట శ్రమను, బిగువును పోగొట్టును. ఆనెకాయను బ్లేడుతో కోయరాదు. మధుమేహము గలవారు, పాదమున స్పర్శ తగ్గినవారు వైద్యుని చూపక ఏదియు చేయరాదు.

ఆ బాలిక వెడల్పు బూట్లతో తిరిగి ఆడుచున్నది, ఆనెకాయలు మెత్తబడినవి. పెరుగు కాలు గనుక ఆరు మాసముల కొకమారు కొత్త గీత గీయుమని తండ్రికి చెప్పితిని. పాత కాగితమును ఆయన చొక్కా జేబులోనే ఉంచుకొన్నాడు.