గీక్, నర్డ్: రెండు పేర్ల కథ

చదువరిని గౌరవించుట యెంత పాతదో, పరిహసించుటయు అంత పాతదే. పుస్తకము విడువని పిల్లవానిని మనము 'పుస్తకాల పురుగు' అందుము. ఇట్టి పేర్లు అమెరికా వాడుకలో పెక్కు గలవు. వానిలో 'గీక్', 'నర్డ్' అనునవి నేడు మన విద్యార్థుల నోటను వినవచ్చుచున్నవి. పెద్దలకు రెండును ఒకటిగానే తోచును గాని, వాని నడుమ భేదము కలదు. దానిని ఇచ్చట కొంత వివరింపదలచితిమి.

'గీక్' పాత మాట. దాని మూలార్థము మూర్ఖుడు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున, అమెరికాలో ఊరూర డేరాలు వేసి వింతలు చూపువారు, బ్రతికియున్న కోడి తలను కొరికి చూపు దౌర్భాగ్యుని ఈ పేరుతో పిలిచెడివారు. 'నర్డ్' వయస్సు తక్కువ. 1950లో డాక్టర్ స్యూస్ అను రచయిత పిల్లల పుస్తకములో ఒక కల్పిత జంతువునకు ఈ పేరు పెట్టెను. మరుసటి యేడు, డెట్రాయిట్ యువకులు సరసము తెలియని వానిని 'నర్డ్' అనుచున్నారని న్యూస్‌వీక్ పత్రిక వ్రాసెను.

నేటి వాడుకలో గీక్‌నకు గుర్తు అభిమానము. నర్డ్‌నకు గుర్తు అధ్యయనము. రైలింజన్ల రకములన్నియు కంఠస్థము చేసి, వచ్చిన చుట్టమున కెల్ల వర్ణించువాడు గీక్. పెండ్లి పందిరిలో సైతము ఒక మూల చేరి లెక్క చేసికొనుచు, పలుకరించినచో తడబడువాడు నర్డ్. 'డార్క్' అను మాటలో విద్య ప్రసక్తియే లేదు. అది కేవలము తిట్టు. అందరును ఈ హద్దులను పాటింతురని కాదు. పెక్కుమంది ఒక దాని బదులు మరొకటి వాడుదురు.

విశేష మేమనగా, మనిషి మారకున్నను పేరునకు విలువ మారును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున రాడార్ వంటి పరికరములపై కృషి చేసిన శాస్త్రజ్ఞులను బ్రిటిషు సైనికులు 'బోఫిన్' లనిరి. అందు హాస్యముతో పాటు ఆదరమును గలదు. వారి విద్య ప్రాణములు కాపాడుచుండెను. అటుపిమ్మట కంప్యూటర్ల వలన సంపద పెరుగగా గీక్ అనుటయు గౌరవమాయెను. 2013లో కాలిన్స్ నిఘంటువు వారు దానిని ఆ సంవత్సరపు మాటగా ఎన్నుకొనిరి. మన భాషలో ఇందుకు విరుద్ధముగా జరిగినది. ఛందస్సనగా వేదము, ఛాందసుడనగా వేదము చదివినవాడు. నేడు ఆ మాట పట్టుదల విడువని పాతకాలపు మనిషికి చెల్లుచున్నది. ఇంట తాతగారి మాటలను 'చాదస్తము' అని త్రోసిపుచ్చునపుడు, అది ఒకనాడు విద్యకు సంబంధించిన మాటయని మనకు స్ఫురింపదు.

పెద్దవాడు తన్ను తానే 'గీక్' అని చెప్పుకొనుట వేరు. పదేండ్ల బాలికను తరగతి యంతయు ఆ పేరుతో పిలుచుట వేరు. ఆమె మరునాడు ప్రశ్న అడుగుటకు చేయి యెత్తకపోవచ్చును. కావున ఇట్టి మాట మన యింట వినవచ్చినపుడు, అన్నవారు నవ్వుచు అనిరా యని గాక, విన్న బిడ్డ నవ్వినదా యని చూడవలెను.