చదువు కోసం హాస్టలు పెట్టుకున్న అమ్మాయిలు

విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. 1926లో ఏర్పడింది. విశ్వవిద్యాలయం అంటే పెద్ద చదువులు చెప్పే చోటు. ఇప్పుడు అక్కడ ఎంతోమంది అమ్మాయిలు హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్నారు. మొదట్లో ఇలా లేదు. అమ్మాయిలకు హాస్టలే లేదు. మరి ఎలా వచ్చింది?

దుర్గాబాయి 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దనుకున్నారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో చేరి జైలుకు వెళ్ళారు. అక్కడ తోటి ఆడఖైదీల కష్టాలు విన్నారు. చట్టం తెలియకపోతే ఆడవాళ్ళకు ఎంత నష్టమో అర్థమైంది. తాను లా చదవాలి అనుకున్నారు.

బయటికి వచ్చాక పట్టుదలగా చదివి మెట్రిక్ పాసయ్యారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సీటు అడిగారు. ఆడపిల్లలకు హాస్టలు లేదు, చేర్చుకోలేమన్నారు అధికారులు.

ఇక్కడే ఉంది చిక్కు. అమ్మాయిలు రావడం లేదని హాస్టలు పెట్టలేదు. హాస్టలు లేదని పెద్దవాళ్ళు అమ్మాయిల్ని పంపలేదు. ఈ ముడి ఎవరు విప్పాలి?

దుర్గాబాయి ఊరుకోలేదు. పేపర్లో ప్రకటన వేయించారు. హాస్టలు లేక చదువు ఆగిన అమ్మాయిలు ఉంటే తెలియజేయమన్నారు. ఒక్కొక్కరే ముందుకు వచ్చారు. అంతా ఒక జట్టయ్యారు. చోటు వెతుక్కుని తామే హాస్టలు మొదలుపెట్టారు. ఇక కాదనడానికి సాకు లేకుండా పోయింది. సీటు దొరికింది!

ఆమె అక్కడ రాజనీతి శాస్త్రం చదివారు. 1942లో మద్రాసులో లా పాసై వకీలు అయ్యారు. మద్రాసులోనే ఆంధ్ర మహిళా సభ పెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళకు అక్కడ మెట్రిక్ పాఠాలు చెప్పించారు. మన దేశ రాజ్యాంగం రాసిన సభలోనూ ఆమె సభ్యురాలు. 1981లో కన్నుమూశారు.

ఒక్కరు అడిగితే లేదన్నారు. నలుగురూ కలిస్తే దారి దొరికింది. మనం రాత్రిపూట కూర్చుని చదువుకునే కేంద్రానికీ ఇదే మాట వర్తిస్తుంది. దీపం లేదనో, చోటు లేదనో చదువు ఆగిపోకూడదు.

ఆలోచించండి, మాట్లాడుకోండి:
1. అధికారులు సీటు ఎందుకు ఇవ్వలేదు?
2. అమ్మాయిలు ఏం చేశారు?
3. మన ఊళ్ళో ఆడపిల్లల చదువు ఎక్కడ ఆగుతోంది? అందరం కలిసి ఏం చేయగలం?