గగనవీథిలో తొలి లేఖలు

నలుని మనసును దమయంతికి ఎరిగించినది హంస. విరహియైన యక్షుడు తన సందేశాన్ని అప్పగించినది మేఘానికి. దూరాన ఉన్న ఆత్మీయులకు ఆకాశమార్గాన వార్త పంపాలనే ఊహ మన కావ్యాలకు కొత్త కాదు. ఆ కవికల్పన 1911 ఫిబ్రవరి 18న ఒక ఆటస్థలంలో నిజమైంది. నేడు ప్రయాగరాజ్‌గా వ్యవహరింపబడుతున్న అలహాబాదులోని పోలో మైదానం నుండి ఆనాడు ప్రపంచంలోనే మొదటి అధికారిక విమాన తపాలా బయలుదేరింది.

అప్పటికి రైటు సోదరులు తొలిసారి గాలిలోకి ఎగిరి ఎనిమిదేండ్లయినా నిండలేదు. మనదేశంలో విమానాశ్రయాలు లేవు. విమానం పైకి లేవాలంటే ముందుగా నేలపై పరుగెత్తాలి. రెక్కల చుట్టూ గాలి వేగంగా సాగినపుడే దానిని పైకెత్తగల బలం పుడుతుంది. అందుకు చెట్లూ గోతులూ లేని చదునైన నేల కావాలి. గుర్రాలపై స్వారీ చేస్తూ పొడవైన కర్రలతో బంతిని కొట్టే పోలో ఆటకూ అటువంటి నేలే అవసరం. ఆ మైదానం సాధారణంగా 275 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు ఉంటుంది. కనుకనే గుర్రాలు పరుగెత్తిన నేల విమానానికి ఆశ్రయమిచ్చింది.

ఆ రోజులలో అలహాబాదులో పారిశ్రామిక, వ్యవసాయ ప్రదర్శన జరుగుతోంది. ఆంగ్లేయుడైన వాల్టర్ విండ్‌హామ్ ప్రజలకు చూపడానికై అక్కడికి విమానాలను తెప్పించాడు. నగరంలోని ఒక విద్యార్థి వసతి గృహానికి విరాళం సమకూర్చిపెట్టమని స్థానిక క్రైస్తవ మతాచార్యుడొకరు ఆయనను కోరాడు. విండ్‌హామ్‌కు విమాన తపాలా ఆలోచన స్ఫురించింది. తపాలా శాఖ అంగీకరించింది. ఉత్తరానికి 6 అణాల ప్రత్యేక రుసుము నిర్ణయించి, ఆ సొమ్మును వసతి గృహానికి కేటాయించారు. విమానపు బొమ్మ గల ప్రత్యేక ముద్రను సిద్ధం చేశారు. సుమారు 6,500 ఉత్తరాలు పోగుపడ్డాయి.

ఉత్తరాల సంచితో ఆన్రీ పెకే అనే 23 ఏండ్ల ఫ్రెంచి వైమానికుడు హంబర్ విమానమెక్కాడు. యమునానదిని దాటి, దాదాపు 10 కిలోమీటర్ల దూరంలోని నైనీకి 13 నిమిషాలలో చేరాడు. అక్కడి నుండి ఆ లేఖలు మామూలు తపాలా మార్గంలో దేశవిదేశాలకు సాగిపోయాయి.

అదే సంవత్సరం నవంబరు 1న లిబియాలో ఇటలీ సైనిక వైమానికుడు విమానం నుండి బాంబులు విడిచాడు. విమానం నుండి జరిగిన మొదటి బాంబుదాడి అదే. విద్యార్థుల మేలు కొరకు లేఖలు మోసిన రెక్కలే తొమ్మిది నెలలు తిరగకముందే మృత్యువును మోశాయి. యంత్రానికి మంచిచెడ్డలు లేవు. దానిని ఏ పనికి నియోగించాలో నిర్ణయించే మానవునికే అవి వర్తిస్తాయి.

తొలి విమాన తపాలాకు 50 ఏండ్లు నిండిన 1961లో భారత తపాలా శాఖ స్మారక బిళ్ళలను వెలువరించింది. ఆకాశాన్ని ప్రేమవార్తలకు బాటగా చేసుకోవచ్చునని ఒక ఆటస్థలం లోకానికి చూపింది. ఆ బాటను కాపాడుకోవడం తరువాతి తరాల వంతు.