కోర్టు యంత్రములకు కక్షిదారుల సొమ్ము

దావా వేయువాడు కోర్టు రుసుము ఎందులకు చెల్లింపవలెనని ప్రశ్నించిన, పూర్వపాలకులు చెప్పిన సమాధానము, వృథా వ్యాజ్యములను అరికట్టుటకని. 1795 నాటి బెంగాలు రెగ్యులేషను పీఠికయందలి ఈ వాదమును మెకాలే పరమ అసంబద్ధమని నిరసించెను. ఏలయన, రుసుము కపటియైన వాదితోపాటు న్యాయమైన వాదిని సైతము గుమ్మమువద్దనే నిలిపివేయును. నేడు దానికి మరియొక హేతువు తోడైనది: కాగితపు కట్టలను, చేవ్రాత రిజిస్టరులను తొలగించి కంప్యూటరులను నెలకొల్పుటకు కావలసిన ధనమును కక్షిదారులే సమకూర్పవలెనట.

అమెరికాయందలి ఫెడరల్ జిల్లా న్యాయస్థానములలో సివిలు దావా దాఖలు రుసుము 2006లో 250 డాలర్లనుండి 350 డాలర్లకు పెరిగి, పిమ్మట పరిపాలనా రుసుముకూడ చేరి, 2023 డిసెంబరునకు 405 డాలర్లైనది. కూలివానికిని, కోటీశ్వరునకును ఇది సమానమే. నిరుపేద మాత్రము ప్రమాణపత్రముతో మినహాయింపు కోరవచ్చును.

దాఖలైన కాగితములను చూచుటకు అక్కడ 'పేసర్' అను కంప్యూటరు వ్యవస్థ కలదు. పుటకు 10 సెంట్లు, ఒక పత్రమునకు సాధారణముగా 3 డాలర్లకు మించదు, తీర్పులు ఉచితము. కాని వెదకిన పేరు దొరకకున్నను, 'లేదు' అని చూపిన పుటకుకూడ 10 సెంట్లు పడును. ఇట్లు పోగైన ధనములో కొంత, జూరీసభ్యుల వ్యవహారములు నడపు వ్యవస్థకును, విచారణశాలలలోని ప్రదర్శనోపకరణములకును వ్యయమైనది. 2016లో కొన్ని స్వచ్ఛంద సంస్థలు దీనిపై దావా వేయగా, చట్టము అనుమతించిన పరిధిని ఈ వ్యయములు దాటినవని 2020లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము నిర్ణయించెను, 2024లో 12.5 కోట్ల డాలర్ల రాజీకి జిల్లా న్యాయస్థానము ఆమోదము తెలిపెను. దావాలను విచారించు న్యాయస్థానములే తాము వసూలుచేసిన రుసుమునకు దావాలో సంజాయిషీ చెప్పుకొనవలసివచ్చుట గమనింపదగినది.

మన దేశము వేరొక మార్గము పట్టినది. కోర్టు రుసుము నిర్ణయము ప్రధానముగా రాష్ట్రములది. తెలుగునాట దానికి 1956 నాటి చట్టము ఆధారము. కాని 2007లో ఆరంభమైన ఈ-కోర్టుల పథకము కేంద్ర ప్రభుత్వధనముతో నడచుచున్నది. 2023లో మూడవ దశకు 7,210 కోట్ల రూపాయలు మంజూరైనవి. కేసుకు కేటాయించిన 16 అక్షరముల సి.ఎన్.ఆర్. సంఖ్యను ఫోనులో నొక్కి, వాయిదా తేదీని ఎవరైనను ఉచితముగా తెలిసికొనవచ్చును.

రికార్డులు భద్రమగుటవలన, నకళ్లు సత్వరము లభించుటవలన మేలు పొందునది కక్షిదారు ఒక్కడే కాదు. కోర్టు మెట్లెక్కని పౌరునికిని చట్టముయొక్క అండ కలదు. న్యాయపరిపాలనము రాజ్యమునకు ఆదాయమార్గము కారాదని లా కమిషను 1958లోనే హితవు పలికినది. కావున యంత్రముల ఖర్చు సాధారణ ఖజానానుండియే రావలెను. రుసుము పెంచక తప్పదనునెడల, ఏ పనికై వసూలు చేసిరో ఆ పనికే వ్యయపరచి, ఆ లెక్క ప్రజలయెదుట పెట్టవలెను.