విచారణలో ఒక వారం

కొన్నేళ్ల క్రితం ఒక బుధవారం ఉదయం ద్వితీయ సంవత్సరపు తరగతిలో ప్రబంధ పాఠం చెబుతున్నాను. ఒక విద్యార్థిని నుదుట బూడిద గుర్తుతో వచ్చి వెనుక బెంచీలో కూర్చున్నది. “శివరాత్రి అయిపోయింది కదా, ఇదేమిటి?” అని పక్కనున్నవారు గుసగుసలాడారు. ఆమె తలవంచుకొని “ఈ రోజు మాకు విభూది బుధవారం, సార్” అన్నది. నాకన్నీ తెలిసినట్లే తల ఊపి పాఠంలోకి మళ్లిపోయాను. నిజానికి నాకేమీ తెలియదు. తెలియని సంగతిని తెలిసినట్లు నటించడం అధ్యాపకునికి శోభించే పని కాదు. ఆ సిగ్గే నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది.

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు 1976లో ఏర్పడిన నల్లగొండ కథోలిక మేత్రాసనం పరిధిలోనివి. మేత్రాసనమంటే ఒక పీఠాధిపతి ఏలుబడిలోని ప్రాంతం. 2016లో సూర్యాపేట వేరు జిల్లా అయి కోదాడ అందులో చేరినా, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచిపోయినా, చర్చి లెక్కలో ఇదంతా ఒకే కుటుంబం. మేత్రాసనాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజిస్తారు. అటువంటి ఒక్కొక్క భాగానికి తెలుగు కథోలికులు పెట్టుకున్న పేరు ‘విచారణ’. దాని బాధ్యత వహించే ఫాదర్ గారు ‘విచారణ గురువు’. న్యాయస్థానంలో, పోలీసు ఠాణాలో వినబడే ఈ మాట ఇక్కడెలా వచ్చిందని మొదట ఆశ్చర్యపడ్డాను. విచారించడమంటే ప్రశ్నించడం మాత్రమే కాదు, యోగక్షేమాలు కనుక్కోవడం కూడా కదా! 1983 నాటి చర్చి ధర్మశాస్త్రం గురువుకు విధించిన కర్తవ్యాలలో తన ప్రజలను ఎరిగి ఉండటం, ఇండ్లకు వెళ్లి వారి కష్టదుఃఖాలలో పాలుపంచుకోవడం ముఖ్యమైనవి. ఈ పేరు పెట్టినవారెవరో గాని మంచి తెలుగు తెలిసినవారు.

వారానికి శిఖరం ఆదివారపు పూజ. ‘దివ్యబలిపూజ’ అని గ్రంథాలలో ఉన్నా, జనం నోట అది ‘పూజ’ మాత్రమే. ముందు పశ్చాత్తాప ప్రార్థన, తరువాత పాత నిబంధన నుండి ఒక పఠనం, ఒక కీర్తన, అపొస్తలుల లేఖల నుండి ఒక పఠనం, చివర సువిశేష పఠనం. ఆ పఠనాలు మూడేండ్ల చక్రంగా తిరుగుతాయి. అందుచేత ఏ ఆదివారం ఏ భాగం చదవాలో కోదాడకూ రోముకూ ఒకటే నిర్ణయం. ప్రసంగం ముగిశాక రొట్టె, ద్రాక్షారసాల అర్పణ. పిదప సత్ప్రసాద స్వీకారం. ఆ అప్పము, రసము క్రీస్తు శరీర రక్తాలుగా మారుతాయన్నది వారి విశ్వాసం. మన విశ్వాసం వేరు. కాని ఆ క్షణంలో ఆలయమంతా ఆవరించే నిశ్శబ్దాన్ని అర్థం చేసుకోవడానికి ఆ విశ్వాసమేమిటో తెలిసి ఉండాలి.

రెండవ వాటికన్ మహాసభ 1962 నుండి 1965 వరకు జరిగింది. అంతకు మునుపు ఈ పూజ లాటిన్‌లో నడిచేది. ఆపైన తెలుగు వచ్చి పీఠమెక్కింది. అయితే కథోలికుల తెలుగు అప్పుడు పుట్టినది కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనము’ అనే క్రైస్తవ కావ్యాన్ని వ్రాశాడు. సర్వేశ్వరుడు, జ్ఞానస్నానం, జపమాల, తపస్సు కాలం మొదలైన మాటలన్నీ ఈ నేల మీది పరిభాషే. ఒక్క మాట మాత్రం నన్ను ప్రత్యేకంగా ఆకర్షించింది. సిలువను వీరు ‘స్లీవ’ అంటారు. అది సిరియాక్ పదం. అరబ్బీ నుండి మన ఉర్దూలోకి వచ్చిన ‘సలీబ్’ దానికి తోబుట్టువే. ప్రార్థన చివర వారి ‘ఆమెన్’, మన ‘ఆమీన్’ సంగతి చెప్పనక్కరలేదు.

ఆదివారం దాటితే వారం ఆగిపోదు. తెల్లవారుజామునే పూజ ఉంటుంది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గంట మ్రోగినప్పుడు మరియమ్మను స్మరిస్తూ చెప్పే ప్రార్థనకు ‘త్రికాల జపం’ అని పేరు. అజాన్ విని పని ఆపుకొనే మనకు ఆ గంట అర్థం సులభంగానే బోధపడుతుంది. జపమాలను అయిదు పదుల చొప్పున త్రిప్పుతారు. ఒక్కొక్క పదికి క్రీస్తు చరిత్రలోని ఒక ఘట్టాన్ని తలచుకొంటారు. సోమ, శనివారాలలో సంతోష ఘట్టాలు, మంగళ, శుక్రవారాలలో దుఃఖ ఘట్టాలు, బుధ, ఆదివారాలలో మహిమ ఘట్టాలు వస్తాయి. గురువారానికి వెలుగు ఘట్టాలను 2002లో రెండవ జాన్ పాల్ పోపు చేర్చారు. తపస్సు కాలపు శుక్రవారాలలో మాంసం ముట్టరు. పద్నాలుగు ‘స్థలాల’ వద్ద నిలిచి క్రీస్తు శ్రమలను ధ్యానించే స్లీవ మార్గం జరుపుతారు. ఆ కాలానికి ఆరంభమే విభూది బుధవారం. కిందటి యేడు మ్రానికొమ్మల ఆదివారం నాడు ఆశీర్వదించిన కొమ్మలను కాల్చి ఆ బూడిదను నుదుట పెడతారు. మనిషి మట్టి నుండి వచ్చాడు, మట్టిలో కలుస్తాడు అన్నదే దాని భావం. మన జనాజాలో మూడు పిడికిళ్ల మట్టి వేసేటప్పుడు తలచుకొనేదీ అదే.

ఇదంతా పట్టణంలోని సంగతి. అసలు విచారణ పల్లెల్లో ఉంది. ఒక్క గురువు మీద అనేక గ్రామాల భారం పడుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడే రోజుల్లో కూలి పోగొట్టుకొని ఆదివారం పగలు పూజకు రమ్మంటే ఎవరు రాగలరు? అందుచేత గురువు మోటారు సైకిల్ మీద సాయంత్రాలు బయలుదేరుతారు. పొలం నుండి వచ్చి కాళ్లు కడుక్కొన్నవారు చిన్న గుడిలో కూడుతారు. శనివారం సాయంత్రపు పూజ కూడా ఆదివారం బాధ్యతను తీరుస్తుందని ధర్మశాస్త్రమే సౌలభ్యం కల్పించింది. గురువు రాలేని ఆదివారాలను నిలబెట్టేది ‘ఉపదేశి’. ఇతడు గురువు కాడు, ఊరివాడే, సంసారి. ప్రార్థన నడిపిస్తాడు, పిల్లలకు జపాలు నేర్పుతాడు, ఎవరింట జబ్బు, ఎవరింట తగవు అన్నది గురువుకు తెలియజేస్తాడు. అతని భృతి స్వల్పం. పండుగ నాటి ఊరేగింపులో అందరి కళ్లూ గురువు మీదనే ఉంటాయి. నాకు మాత్రం ఉపదేశి లేని విచారణ, మువజ్జిన్ లేని మసీదు వంటిదనిపిస్తుంది.

విచారణ కార్యాలయంలో మరొక నిశ్శబ్దపు పని జరుగుతుంది. జ్ఞానస్నానాలకూ, వివాహాలకూ, మరణాలకూ వేర్వేరు పుస్తకాలుంటాయి. మిర్యాలగూడలో జ్ఞానస్నానం పొందిన అమ్మాయి కోదాడలో పెండ్లాడితే ఆ వార్త మిర్యాలగూడకు చేరి, ఆమె జ్ఞానస్నానపు నమోదు పక్కనే వివాహమూ వ్రాయబడాలి. మన ఖాజీ గారి సియాహా కన్న ఇది ఒక మెట్టు ముందున్న పద్ధతి అని ఒప్పుకోవాలి.

కాని ఆ పుస్తకంలోనే ఒక చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించింది. క్రైస్తవులైన దళితులు, అలాగే ముస్లింలైనవారు, బయటనే ఉన్నారు. దళిత క్రైస్తవులను మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గంలో చేర్చి ఒక్క శాతం కేటాయించారు. ప్రవేశాల పని నా వంతుకు వచ్చినప్పుడు దరఖాస్తులో మతం అన్న గడి దగ్గర కలం ఆగిపోయే పిల్లలను చూస్తుంటాను. పూజలో ఒక పేరు, బడి కాగితాలలో ఒక పేరు గలవారు వారిలో ఉన్నారు. వారిని అబద్ధమాడేవారని తేలికగా అనేయకూడదు. దేవుని ఎదుట వ్రాయించుకొన్న మాట బ్రతుకుతెరువుకు అడ్డం రావడం చిన్న బాధ కాదు.

మంచాన పడ్డవారి ఇండ్లకు సత్ప్రసాదం తీసుకొని వెళ్లడం కూడా వారపు పనిలో భాగమే. ప్రాణాపాయంలో ఉన్నవారికి తైలం పూసి ప్రార్థించే సంస్కారానికి ‘అవస్థాభ్యంగనం’ అని పాత పేరు. కబురు ఏ వేళ వచ్చినా గురువు వెళ్లవలసిందే. దానికి వారం, వర్జ్యం లేవు. వర్షాకాలంలో, రాత్రివేళ, పల్లె చివరి ఇంటికి దారి చూపడానికి లాంతరో, టార్చిలైటో పట్టుకొని ఊరి మొదట్లో నిలబడి ఉండేది ఉపదేశియే.